పెట్టె కట్టేముందు ఒక్క మాట

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈవేళ విమానంలో తీసుకువెళ్ళే సామాను గురించి మీతో నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. "సామాను సర్దుకోవడం మాకు తెలియదా, ఇదేం ప్రసంగం?" అని నవ్వుకుంటున్నారేమో! తెలుసండీ. పెళ్ళివారి సామానంతా ఒంటిచేత్తో సర్దగలవాళ్ళం మనం. చిక్కల్లా ఏమిటంటే, మన సర్దుబాటంతా రైలుకి అలవాటు పడింది. స్లీపరు టిక్కెట్టుకి 40 కిలోలు, ఏ.సి. రెండో తరగతికి 50 కిలోలు ఉచితం అని రైల్వేవారి నియమం ఉంది. అయినా బెర్తు కింద పట్టిందే లెక్కగాని, త్రాసు పెట్టి తూచినవాళ్ళని మనం ఎంతమందిని చూశాం? విమానం దగ్గర అలా కుదరదు. పెట్టె వెళ్ళి నేరుగా త్రాసు మీదే కూర్చుంటుంది. అంకె అందరికీ కనబడుతుంది. ఆ అంకె ముందు మన గడుసుతనం, బతిమాలడం, ఏవీ పనిచెయ్యవు.

ఇది నాకు ఎలా తెలిసిందో ముందు చెబుతాను.

2023 మార్చిలో మా అమ్మాయి పురిటికి అమెరికా బయలుదేరాను. విమానం ఎక్కడం అదే మొదలు. మావారికి సెలవు దొరకలేదు, మా అత్తగారిని ఒంటరిగా వదలడానికీ లేదు. అందుకని నేనొక్కదాన్నే. హైదరాబాదు నుంచి అమెరికాకి టిక్కెట్టు మా అల్లుడు కొని పంపాడు. దానిమీద రెండు పెట్టెలు, ఒక్కొక్కటి 23 కిలోలు అని ఉంది. మేముండేది విశాఖపట్నం. అక్కడినుంచి హైదరాబాదుకి వేరే కంపెనీ విమానంలో మా అబ్బాయి విడిగా టిక్కెట్టు తీశాడు. చవగ్గా దొరికిందని సంతోషించాం కూడా.

రెండు పెట్టెలు సర్దాను. నీలం పెట్టెలో ఆవకాయ, గోంగూర, కందిపొడి, సున్నుండలు, అరిసెలు. పచ్చ పెట్టెలో నా చీరలు, పసివాడికి జుబ్బాలు, బాలింతకి శొంఠిపొడి, వాము, ఇంకా మా అత్తగారు కుట్టిన బొంత. ఎనభై దాటిన మనిషి. చూపు సరిగా ఆనదు. తన పాత నూలుచీరలు నాలుగు పొరలు వేసి, రెండు నెలలు కూచుని చేత్తో కుట్టారు. "మునిమనవణ్ణి మొదట దీనిమీదే పడుకోబెట్టాలి సుమా!" అని మరీమరీ చెప్పి ఇచ్చారు.

విశాఖపట్నంలో కౌంటరు దగ్గర రెండు పెట్టెలూ త్రాసు మీద పెడితే మొత్తం 46 కిలోలు. రాసినట్టు సరిపోయింది కదా అని నేను గర్వంగా చూస్తున్నాను. కౌంటరులో ఉన్న అమ్మాయి, "ఆంటీ, ఈ టిక్కెట్టుకి 15 కిలోలే. 31 కిలోలు ఎక్కువ ఉంది. కిలోకి అయిదు వందలు" అంది. అంటే పదిహేను వేల అయిదు వందలు! టిక్కెట్టు ఖరీదు అందులో నాలుగోవంతు కూడా లేదు. మా అబ్బాయి అమెరికా టిక్కెట్టు చూపించాడు. "అది వేరే టిక్కెట్టు సార్, దానికీ దీనికీ సంబంధం లేదు" అంది. వెనక పాతికమంది. విమానానికి టైమవుతోంది. మా వాడు నా దగ్గరికొచ్చి, "అమ్మా, ఒక పెట్టె వదిలెయ్యి, తరవాత ఎవరిచేతనైనా పంపిస్తాను. ఏది తీసుకెళతావ్?" అన్నాడు. పిల్ల ఆవకాయ ఆవకాయ అని కలవరిస్తోంది కదా అన్న ఒక్క ధ్యాసలో, "నీలంది" అన్నాను. దానికే 8 కిలోలు ఎక్కువని నాలుగు వేలు కట్టాం.

హైదరాబాదులో పెద్ద విమానం కౌంటరు దగ్గర, "ఒకటే పెట్టా అమ్మా? మీకు రెండు ఉన్నాయే!" అని అడిగారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, బొంత పచ్చ పెట్టెలో ఉండిపోయిందని.

ఆ రోజు నేను చేసిన తప్పులు ఒకటొకటే విడదీసి చెబుతాను. మీరెవరూ మళ్ళీ చెయ్యకుండా ఉంటారని.

మొదటిది, విమానాల్లో సామానుకి రెండు రకాల లెక్కలున్నాయి. ఒకటి తూకం లెక్క, రెండోది పెట్టెల లెక్క. మన దేశంలో తిరిగే విమానాలకీ, గల్ఫు దేశాలకి వెళ్ళే చాలా విమానాలకీ ఉండేది తూకం లెక్క. దేశంలో మామూలు తరగతికి సాధారణంగా మనిషికి 15 కిలోలు. గల్ఫుకి ఇంకా ఎక్కువే ఇస్తారు, కంపెనీని బట్టి మారుతుంది. ఇక్కడ చూసేది మొత్తం బరువు. ఒకే పి.ఎన్.ఆర్. మీద ఇంటిల్లిపాదీ వెళుతుంటే, చాలా కంపెనీల్లో అందరి కిలోలూ కలిపి చూస్తారు. భర్త పెట్టె పది, భార్య పెట్టె ఇరవై ఉన్నా ఇబ్బంది ఉండదు.

అమెరికా, కెనడాలకి వెళ్ళే విమానాల్లో పెట్టెల లెక్క. ఇన్ని పెట్టెలు, ఒక్కొక్కటి ఇంతవరకు అని. 23 కిలోలంటే వాళ్ళ లెక్కలో 50 పౌన్లు. ఇక్కడ మొత్తం కూడితే ఒప్పుకోరు. ఒక పెట్టె 19, ఇంకోటి 27 ఉందనుకోండి. కూడితే 46 సరిపోయింది కదా అని మనం అంటాం. వాళ్ళు మాత్రం, ఆ రెండో పెట్టె నాలుగు కిలోలు ఎక్కువ, దానికి డబ్బు కట్టండి అంటారు. చాలా కంపెనీల్లో అది వంద డాలర్లు, ఆ పైన కూడా. నాలుగు కిలోల పచ్చడికి ఎనిమిది వేల రూపాయలకు పైగా అన్నమాట! పెట్టె కొలత కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కూడితే 158 సెంటీమీటర్లు, అంటే 62 అంగుళాలు మించకూడదు. ఇంట్లో కుట్టుపనికి వాడే టేపు చాలు, కొలుచుకోవచ్చు.

ఏ లెక్కలోనైనా ఒక పెట్టె 32 కిలోలు దాటితే మామూలుగా తీసుకోరు, డబ్బిస్తామన్నా సరే. ఇది మన మీద కక్ష కాదు. ఆ పెట్టెను విమానంలోకి ఎత్తేది మనిషే. రోజుకి కొన్ని వందల పెట్టెలు ఎత్తే ఆ మనిషి నడుం గురించి పెట్టుకున్న నియమం అది. గ్యాసు సిలిండరు మెట్లెక్కి తెచ్చే అబ్బాయిని తలుచుకుంటే మనకి వెంటనే అర్థమవుతుంది.

రెండోది, నేను దెబ్బతిన్నది ఇక్కడే. టిక్కెట్టు ఒకటా, రెండా? విశాఖపట్నం నుంచి అమెరికాదాకా ఒకే టిక్కెట్టుగా కొంటే, మధ్యలో విమానం మారినా సాధారణంగా మొదటినుంచి చివరిదాకా విదేశీ ప్రయాణపు లెక్కే వర్తిస్తుంది. అదే రెండు టిక్కెట్లు విడివిడిగా కొంటే, ఏ టిక్కెట్టు లెక్క దానిదే. చవగ్గా వచ్చిందనుకున్న చిన్న టిక్కెట్టు మీద మేం కట్టినదాంతో, వదిలేసిన పెట్టెతో కలిపి చూస్తే, ఒకే టిక్కెట్టు తీసుకున్నా పోయేది. లేదా పగటి రైల్లో హాయిగా హైదరాబాదు వెళ్ళినా పోయేది. కాబట్టి పిల్లలు టిక్కెట్లు తీసేటప్పుడు "ఎంతయింది?" అని మాత్రమే అడక్కండి. "ఒకే టిక్కెట్టేనా? సామాను ఎంతని రాసి ఉంది?" అని కూడా అడగండి. వాళ్ళు విసుక్కున్నా సరే, ఆ కాయితంలో ఉన్న ఆ ఒక్క పంక్తీ చదివించుకుని వినండి.

ఇంకో సంగతి. మన దేశంలో 2021 ఫిబ్రవరి నుంచి, పెట్టె లేకుండా చేతిసంచితో మాత్రం వెళ్ళేవాళ్ళకి తక్కువ ధరకు టిక్కెట్టు అమ్మే వీలు కంపెనీలకి ఇచ్చారు. అది మనకి తెలియక, చవగ్గా ఉందని కొని, పెట్టె పట్టుకు వెళితే ఆ లాభం కౌంటరు దగ్గరే ఆవిరైపోతుంది. అమెరికాలో అయితే ఊరినుంచి ఊరికి వెళ్ళే విమానాల్లో మొదటి పెట్టెకే డబ్బు పుచ్చుకుంటారు చాలామంది. 2008లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారు మొదటి పెట్టెకి 15 డాలర్లు పెట్టారు. తరవాత తక్కిన పెద్ద కంపెనీలు చాలామట్టుకు అదే దారి పట్టాయి. అక్కడికి వెళ్ళాక, "చెల్లెలి కూతురింటికి కూడా నాలుగు రోజులు వెళ్ళొస్తాను" అనుకుంటే, పెద్ద పెట్టె అమ్మాయింట్లో ఉంచి, చిన్న సంచితో వెళ్ళడం మంచిది.

మూడోది, తూకం ఇంట్లోనే వెయ్యాలి. కొక్కానికి తగిలించి ఎత్తితే అంకె చూపించే చిన్న త్రాసులు బజారులో కొద్దిపాటి ఖరీదుకే దొరుకుతున్నాయి. అదీ లేకపోతే, మనిషి బరువు చూసే మిషను మీద ముందు మీరు ఒక్కరే నుంచోండి. తరవాత పెట్టె ఎత్తుకుని నుంచోండి. తేడా ఎంతో అదే పెట్టె బరువు. పెట్టె ఎత్తలేకపోతే ఇంట్లో మగవాళ్ళని నుంచోబెట్టండి, ఆ మాత్రం సాయం చేస్తారు లెండి! ఇంటి త్రాసుకీ వాళ్ళ త్రాసుకీ కాస్త తేడా ఉండవచ్చు. అందుకని 23 అంటే 22 దగ్గరే ఆపాలి.

అన్నిటికంటె ముందు ఖాళీ పెట్టెను తూచండి. గట్టి అట్టపెట్టెలాంటి పెద్ద సూట్‌కేసు ఒకటే నాలుగైదు కిలోలుంటుంది. అంటే 15 కిలోల్లో మూడోవంతు మన పెట్టెకే పోయిందన్నమాట. తేలికపాటి గుడ్డపెట్టె తీసుకుంటే ఆ రెండు కిలోలూ మన సామానుకి మిగులుతాయి. జరీ ఉన్న కంచిపట్టు చీర ముప్పావు కిలో దాకా తూగుతుంది. నాలుగు చీరలంటే మూడు కిలోలు. పురిటికి వెళుతూ నాలుగు పట్టుచీరలెందుకు? నేను పట్టుకువెళ్ళబోయాను కనుకనే అడుగుతున్నాను. పచ్చడి గాజుసీసాలో పెడితే సీసా బరువు అదనం, పగులుతుందేమోనన్న బెంగ ఇంకా అదనం. పచ్చళ్ళ దుకాణాల్లో వేడితో మూతి అంటించి ప్యాకెట్టు చేసి ఇస్తారు. ఇంట్లో పెట్టిన పచ్చడి పట్టుకెళితే కొందరు కాదనకుండా అలాగే చేసిపెడతారు. దానిమీద ఇంకో రెండు కవర్లు తొడిగి, మధ్యలో పెట్టి, చుట్టూ పాత తువ్వాళ్ళు కుక్కండి. నూనె కారినా చీరల దాకా రాదు.

ఇక చేతిసంచి సంగతి. మన దేశపు విమానాల్లో సాధారణంగా ఒక సంచి, 7 కిలోలు. కొలత 55, 35, 25 సెంటీమీటర్లు. ఆడవాళ్ళు భుజానికి వేసుకునే పర్సు దీనికి అదనంగా ఉంచుకోవచ్చు. పర్సంటే పర్సే సుమండీ, పర్సు పేరుతో జోలె కాదు! ఈ మధ్య చేతిసంచులు కూడా తూస్తున్నారు. ఎక్కువైతే దాన్ని కూడా పెట్టెలతో పంపమంటారు, డబ్బు కూడా అడగవచ్చు. కాబట్టి అందులో ఏముండాలో ముందే తేల్చుకోండి. రోజూ వేసుకునే మందులు, డాక్టరు చీటీతో సహా. నగలు, డబ్బు, కాయితాలు. ఒక జత బట్టలు. ఫోనుకి చార్జి పెట్టే పవర్ బ్యాంకు తప్పనిసరిగా చేతిసంచిలోనే ఉండాలి, పెట్టెలో వెయ్యకూడదు. అందులో బ్యాటరీ వేడెక్కి అంటుకుంటే పైన మనుషులుంటారు, ఆర్పగలరు. కింద సామాను గదిలో ఎవరుంటారు?

చేతిసంచిలో పెట్టకూడనివి మన వంటింటివే ఎక్కువ. కారం పచ్చళ్ళు, నెయ్యి, నూనె, కత్తిపీట, చాకు, కత్తెర. విదేశీ ప్రయాణంలో పల్చటివి, ముద్దగా ఉండేవి ఏవైనా 100 మిల్లీలీటర్లకు మించిన సీసాలో ఉంటే తీసి పక్కన పడేస్తారు. ఎండుకొబ్బరి చిప్పలైతే చేతిసంచిలోనే కాదు, పెట్టెలో కూడా వద్దు. అందులో నూనె ఎక్కువ, తనంతట తనే వేడెక్కి అంటుకునే గుణం ఉంది. విమానాలకి సంబంధించిన ప్రమాదకర వస్తువుల పట్టికలో దాని పేరుంది. ఒక్క కొబ్బరి చిప్పకోసం పెట్టె విప్పించి, సర్దినదంతా చిందరవందర చేయించుకోవడం ఎందుకు?

అమెరికా వెళ్ళేవారికి ఇంకో మాట. మాంసం పచ్చళ్ళు, పచ్చి కరివేపాకు, పళ్ళు, విత్తనాలు అక్కడ రానివ్వరు. మన దేశంనుంచి సామానుతోపాటు బియ్యం తీసుకువెళ్ళడం కూడా 2011 నుంచి నిషేధం. తినే వస్తువులు ఏమున్నాయో దిగగానే దాచకుండా చెప్పెయ్యండి. చెబితే, పనికిరానిది తీసుకుని తక్కింది ఇచ్చేస్తారు. దాచి దొరికితే వందల డాలర్ల జరిమానా పడుతుంది. అంత డబ్బు పెడితే అక్కడి మన దుకాణాల్లో ఏడాదికి సరిపడా కందిపప్పు కొనుక్కోవచ్చు.

సరే, ఇన్ని చేసినా బరువు ఎక్కువయ్యేలా ఉంది, తప్పదు. అప్పుడు కౌంటరు దాకా ఆగకండి. ఇంటినుంచే, ప్రయాణానికి ముందే ఫోనులో అదనపు కిలోలు కొనుక్కుంటే, చాలా కంపెనీల్లో కౌంటరు దగ్గరకంటే తక్కువకు వస్తుంది. పిల్లలచేత చేయించండి. కౌంటరు దగ్గర పడితే మాత్రం కంగారు పడకుండా, "ఒక్క అయిదు నిమిషాలు పక్కకి వెళ్ళి సర్దుకుంటాను" అని అడగండి. ఎవరూ కాదనరు. అందుకే ఒక మడత సంచి పర్సులో ఉంచుకోండి. దింపడానికి వచ్చినవాళ్ళని మీ పెట్టె త్రాసు దాటేదాకా వెళ్ళిపోవద్దని చెప్పండి. తీసేసిన సామాను ఇంటికి పట్టుకువెళ్ళడానికి ఒక మనిషి ఉండాలి కదా!

ఏ పెట్టె ఉంచాలి, ఏది వదలాలి అన్న ప్రశ్న నాలాగా ఆఖరు నిమిషంలో రాకుండా చూసుకోండి. దానికి ఉపాయం ఏమిటంటే, ఒక పెట్టెలో అన్నీ తినేవి, ఇంకో పెట్టెలో అన్నీ కట్టుకునేవి అని సర్దకండి. రెండింటిలో సగం సగం వెయ్యండి. ఒక పెట్టె ఆలస్యమైనా, తప్పిపోయినా రెండోదాంతో వారం గడుస్తుంది. నేను మొదటి వారం రోజులు మా అమ్మాయి పంజాబీ డ్రస్సులు వేసుకుని తిరిగాను. మావారికి ఫోటో పంపితే ఇప్పటికీ నవ్వుతారు.

పెట్టె అప్పగించినప్పుడు ఇచ్చే చిన్న చీటీ జాగ్రత్త. దిగాక పెట్టె రాకపోతే, విరిగిపోయి వస్తే, విమానాశ్రయం దాటి బయటికి రాకముందే అక్కడున్న కౌంటరులో రాయించి కాయితం తీసుకోండి. విదేశీ ప్రయాణాల్లో, పెట్టె పాడైతే చేతికొచ్చిన ఏడు రోజుల్లోపల, ఆలస్యంగా వస్తే 21 రోజుల్లోపల రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. మన దేశం కూడా చేరిన మాంట్రియల్ ఒప్పందం ప్రకారం నష్టపరిహారానికి ఒక హద్దుంది. 2024 డిసెంబరు 28 నుంచి అది సుమారు రెండు వేల డాలర్లు. ఎంత పోయినా అంతకు మించి మామూలుగా రాదు. నగలు పెట్టెలో వెయ్యవద్దన్నది అందుకే.

చివరగా మళ్ళీ బొంత సంగతి చెప్పి ముగిస్తాను. ఏప్రిల్లో మనవడు పుట్టాడు. మా అత్తగారు ఫోను చేసిన ప్రతిసారీ అడిగేవారు, "బొంత మీద పడుకోబెట్టారుటే?" అని. వదిలేసి వచ్చానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "ఆఁ, హాయిగా పడుకుంటున్నాడత్తయ్యా" అనేదాన్ని. ఆగస్టులో మా వీధిలోవాళ్ళ అబ్బాయి చదువుకి వస్తూ ఆ బొంత పట్టుకొచ్చాడు. అప్పటికి పిల్లవాడు బోర్లా పడుతున్నాడు. బొంతమీద వేస్తే ఒక్క దొర్లు దొర్లి నేలమీదికి వచ్చేశాడు.

దాన్ని తూచి చూశాను. అరకిలో లేదు. నా చేతిసంచిలో ఒక మూల పట్టేది. ఏడు కిలోల సంచిలో బిస్కెట్లకి చోటిచ్చాను గాని దానికివ్వలేదు. మీరు ప్రయాణం పెట్టుకున్నప్పుడు త్రాసు మీద తూచే సామానుతోబాటు, త్రాసుకి అందనిది ఏదైనా ఉందేమో ముందు చూసుకోండి. ఉంటే మొదట దాన్ని చేతిసంచిలో పెట్టండి. తక్కినవి తరవాత సర్దుదురుగాని.